దక్కన్ రేడియో నుంచి ‘మన్ కీ బాత్’ దాకా: హైదరాబాద్ రేడియోలో రాజకీయ ప్రసంగాల చరిత్ర

దక్కన్ రేడియో (డెక్కన్ రేడియో అని కూడా అంటారు) నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యానికి సొంత రేడియో స్టేషన్. 1935 ఫిబ్రవరి 3న నిజాం సర్కారు చేతికి వచ్చింది. 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. ఇప్పుడు మనం ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం అంటున్నది దీని వారసురాలే. పాటలు, నాటికలు, ముషాయిరాలు ఈ స్టేషన్‌కు పేరు తెచ్చాయి. కానీ మన ఇళ్లల్లో పెద్దవాళ్లు దాన్ని తలచుకునేది ఎక్కువగా 1948 సెప్టెంబరు గురించే. ‘పోలీస్ యాక్షన్’ అని ఒకరు, ‘సుకూత్-ఎ-హైదరాబాద్’ అని ఒకరు, ‘విమోచన’ అని ఇంకొకరు, ‘విలీనం’ అని మరొకరు పిలిచే ఆ రోజుల్లో సర్కారు మాట జనానికి చేరిన దారి రేడియోనే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఆత్మకూర్ (ఎస్) అప్పట్లో నల్లగొండ జిల్లాలోని ఊళ్లు. ఆత్మకూర్ పేరు వెనక ఉన్న ‘ఎస్’ అంటే సూర్యాపేట అని మనకు తెలిసిందే. తెలంగాణ సాయుధ పోరాటం గట్టిగా నడిచిన ప్రాంతం ఇది. కోదాడ మీదుగా బెజవాడ పోయే రోడ్డు కూడా ఇటే. అందుకే హైదరాబాద్ రేడియో కథ మన జిల్లా కథతో చాలాచోట్ల కలుస్తుంది.

చిరాగ్ అలీ లేన్‌లో మొదలు

1930ల మొదట్లో మహబూబ్ అలీ అనే ఆయన ఆబిడ్స్ దగ్గరి చిరాగ్ అలీ లేన్‌లో సొంతంగా ఒక చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. దాని ట్రాన్స్‌మిటర్ బలం 200 వాట్లు. ఈ రోజు ఒక కాలేజీ కమ్యూనిటీ రేడియోకు ఉండే బలం కన్నా పెద్ద ఎక్కువేమీ కాదు. ఊరు దాటి వినపడటమే కష్టం. అయినా, ఒక రాజ్యంలో రేడియోను సర్కారు కాకుండా మామూలు మనిషి మొదలుపెట్టడం చిన్న విషయం కాదు. ఆలిండియా రేడియో అనే పేరే 1936 జూన్‌లో వచ్చింది. అంటే ఆ పేరు పుట్టకముందే హైదరాబాద్‌లో రేడియో మోగుతోంది.

1935లో నిజాం సర్కారు స్టేషన్‌ను తీసుకుంది. ఆ తర్వాత సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టారు. స్టూడియో ఖైరతాబాద్ వైపు యావర్ మంజిల్‌కు మారింది. ఔరంగాబాద్‌లో ఇంకో చిన్న స్టేషన్ పెట్టారు. ప్రసారాలు ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లో సాగేవి.

నాలుగు భాషలు అన్నంత మాత్రాన నాలుగూ సమానం అనుకోవద్దు. హైదరాబాద్ రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు సగం. మరాఠీవాళ్లు నాలుగో వంతు. ఉర్దూ మాతృభాష అయినవాళ్లు నూటికి 12 మంది లెక్కన ఉండేవాళ్లు. కానీ కచేరీ భాష ఉర్దూ, ఉస్మానియా యూనివర్సిటీలో చదువు ఉర్దూ, రేడియోలో పెద్దపీటా ఉర్దూకే. తెలుగుకు దక్కింది రోజులో కొంత సమయం. 1921లో హైదరాబాద్ వివేకవర్ధిని సభలో ఒక వక్త తెలుగులో మాట్లాడబోతే జనం గోల చేసి ఆపించారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1941లో దాని సభ మన కోదాడ పక్కనున్న చిలుకూరులో జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. ఈ భాష గొడవను పక్కన పెడితే దక్కన్ రేడియో రాజకీయం అర్థం కాదు. తెలుగు ముస్లిం కుటుంబాల పరిస్థితి అప్పటికే రెండింటి మధ్య ఉంది. ఇంట్లో ఉర్దూ లేదా దక్కనీ, పొలంలో, బజారులో తెలుగు. రేడియో మాత్రం ఒక చెవికే ఎక్కువ మాట్లాడింది.

మాట్లాడటానికే పర్మిషన్ కావాల్సిన రోజులు

మొదటి పదేళ్లలో దక్కన్ రేడియోలో రాజకీయ చర్చ అనదగ్గది వెతికినా పెద్దగా దొరకదు. కారణం సులువు. ‘గస్తీ నిషాన్ 53’ అనే సర్కారు హుకుం ప్రకారం పబ్లిక్ మీటింగ్ పెట్టుకోవాలన్నా ముందుగా అధికారుల అనుమతి తీసుకోవాలి. లైబ్రరీ పెట్టినా అనుమానంగా చూసిన కాలం అది. అలాంటిచోట సర్కారు సొంత రేడియోలో ఎవరో వచ్చి సర్కారును ప్రశ్నిస్తారని ఎలా అనుకుంటాం? రేడియోలో వినపడిన రాజకీయం ఫర్మానాలు, సర్కారు ప్రకటనలు, యుద్ధం వార్తలు. రెండో ప్రపంచ యుద్ధంలో నిజాం బ్రిటిష్‌వాళ్ల పక్షం కాబట్టి వార్తలదీ అదే పక్షం.

అసలు రాజకీయ ప్రసంగం అప్పుడు మైదానాల్లో ఉంది. మజ్లిస్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ ఉర్దూ ప్రసంగాలు వినడానికి జనం రాత్రంతా కూర్చునేవాళ్లని చెప్పుకుంటారు. ఆయన 1944 జూన్‌లో చనిపోయారు. ఇటు మఖ్దూమ్ మొహియుద్దీన్ కార్మికుల సభల్లో మాట్లాడేవారు. నల్లగొండ పల్లెల్లో ‘సంఘం’ సభలు, బుర్రకథలు. రేడియో సెట్టు కొనాలంటే డబ్బు కావాలి, లైసెన్సు కావాలి, కరెంటు లేని ఊళ్లో బ్యాటరీ కావాలి. పల్లెల్లో అంత తాహతు ఉన్నది దేశ్‌ముఖ్ గడికీ, పట్నం షావుకారికీ. కాబట్టి 1940లలో ‘రేడియో చెప్పింది’ అంటే చాలా ఊళ్లల్లో ‘రేడియో విన్నవాడు వచ్చి చెప్పాడు’ అనే అర్థం. మాట చేతులు మారుతూ ఊళ్లోకి వచ్చేది. ఇప్పటి ఫార్వర్డ్ మెసేజీలు చూస్తే ఆ పద్ధతి పాతదేనని తెలుస్తుంది.

1947–48: గొంతు మారిన ఏడాది

1947 ఆగస్టు తర్వాత పరిస్థితి తిరగబడింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత్‌లో చేరలేదు. నవంబరు 29న ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. దానికి ముందే ప్రధాని ఛతారీ నవాబు ఇంటి చుట్టూ రజాకార్లు మూగడం, ఆయన తప్పుకోవడం జరిగాయి. తర్వాత మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యారు. మజ్లిస్ అధ్యక్షుడు ఖాసిం రజ్వీ మాటకు ఎదురు లేకుండా పోయింది.

ఈ 10 నెలల్లో రెండు రేడియోలు ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. ఒకవైపు దక్కన్ రేడియో. ఇంకోవైపు ఆలిండియా రేడియో. ఆలిండియా రేడియోను నడిపే సమాచార ప్రసార శాఖ 1948లో ఎవరి దగ్గర ఉందో గుర్తు పెట్టుకోవాలి: సర్దార్ పటేల్. హోంశాఖ, సంస్థానాల శాఖ, రేడియో మూడూ ఒకే మనిషి కింద ఉన్నాయి. కాబట్టి అటువైపు రేడియో నిజం, ఇటువైపు రేడియో అబద్ధం అని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. రెండూ సర్కారు గొంతులే. కాకపోతే దక్కన్ రేడియో చేసిన చెడు మన ఇంటి మీదే ఎక్కువ పడింది. రాజ్యం బలం గురించి లేని భరోసా ఇచ్చింది. హైదరాబాద్ దగ్గర ఏముందో, ఏం లేదో రేడియో వినే మామూలు ముస్లింకు తెలియనివ్వలేదు. ఆ భరోసాను నమ్ముకున్నవాళ్లే ఆఖరికి ఎక్కువ నష్టపోయారు.

వేరే మాట చెప్పిన ముస్లింలు లేరా అంటే, ఉన్నారు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు రజాకార్ల పద్ధతిని ఖండిస్తూ, భారత్‌లో చేరడమే మేలని ఒక ప్రకటన ఇచ్చారు. షోయబుల్లా ఖాన్ తన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికలో దాన్ని అచ్చేశారు. ఆగస్టు 22న ఆయన్ని చంపేశారు. ఆయన చేతిని నరికారు. ఇక జనగామ వైపు షేక్ బందగీ ఉండనే ఉన్నాడు. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుల్లో కొట్లాడి 1940లో ప్రాణం పోగొట్టుకున్న పేద ముస్లిం రైతు. రజాకార్ అంటే ముస్లిం, ముస్లిం అంటే రజాకార్ అని ఈనాటికీ మాట్లాడేవాళ్లకు ఈ పేర్లు చెప్పాలి. అప్పటి రేడియోలో చోటు దొరికిన గొంతులు మాత్రం వేరు.

సెప్టెంబరు 13 నుంచి 23 దాకా

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం అన్ని వైపుల నుంచీ రాజ్యంలోకి వచ్చింది. పెద్ద దళం షోలాపూర్ వైపు నుంచి నల్‌దుర్గ్ మీదుగా వచ్చింది. తూర్పు దళం బెజవాడ రోడ్డు మీద మన వైపు నుంచే వచ్చింది. మొదటి రోజే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. ఆ తర్వాత సూర్యాపేట. వెనక్కి తగ్గుతున్న హైదరాబాద్ సైన్యం మూసీ మీది వంతెనను పేల్చేసింది. సైన్యం ఆగలేదు, నార్కట్‌పల్లి వైపు సాగింది. హైదరాబాద్‌లో కూర్చుని రేడియో వింటున్నవాళ్లకన్నా సూర్యాపేట, మునగాల జనానికి సంగతి ముందు తెలిసింది. వాళ్లు కళ్లతో చూశారు.

సెప్టెంబరు 17న ప్రధాని లాయక్ అలీ తన మంత్రివర్గం రాజీనామా సంగతిని దక్కన్ రేడియోలోనే చెప్పారు. అదే సాయంత్రం నిజాం మాట్లాడారు. అప్పుడు హైదరాబాద్‌లో భారత ప్రభుత్వం తరఫున ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ తన ‘ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా’ పుస్తకంలో ఈ ఘట్టాన్ని రాశారు. ఆయన చెప్పిన ప్రకారం నిజాం అంతకుముందు ఎన్నడూ రేడియోలో మాట్లాడలేదు. ఎలా మాట్లాడాలో కూడా తెలియదు. దర్బారు మర్యాదలేవీ లేకుండా మైకు ముందు కూర్చుని ఇంగ్లిషులో చదివేశారు. కాల్పులు ఆపమని సైన్యానికి చెప్పానని, రజాకార్లను నిషేధిస్తున్నానని, భారత సేనలు బొల్లారం, సికింద్రాబాద్‌లకు రావచ్చని, ఐక్యరాజ్యసమితిలో వేసిన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నానని దాని సారాంశం.

ఒక్క క్షణం ఆగి చూడాల్సిన విషయం ఇది. 1911 నుంచి గద్దె మీద ఉన్న రాజు, 13 ఏళ్లుగా సొంత రేడియో ఉన్న రాజు, తన జనంతో నేరుగా మాట్లాడింది రాజ్యం పోయిన రోజున. అదీ వాళ్లల్లో నూటికి ఒక్కరికి కూడా సరిగా అర్థం కాని భాషలో. ఉర్దూ కోసం తెలుగును పక్కన పెట్టిన రేడియోలో ఆ రోజు ఉర్దూ కూడా లేదు.

18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయారు. 23న నిజాం రెండోసారి రేడియోలో మాట్లాడారు. ఈసారి మాట గట్టిగా ఉంది. ఒక చిన్న ముఠా నాజీ జర్మనీ పద్ధతిలో అధికారాన్ని లాక్కుందని, రజ్వీ మనుషులు తన ప్రధానిని బలవంతంగా దింపి లాయక్ అలీ మంత్రివర్గాన్ని తన నెత్తిన రుద్దారని, తాను చేతులు కట్టేసినట్టు అయిపోయానని చెప్పారు. ఈ ప్రసంగం విని కొందరు నిజాం నిర్దోషి అన్నారు. కొందరు గెలిచినవాళ్లు రాసిచ్చింది చదివాడన్నారు. రజాకార్లు ఊళ్లల్లో చేసిన దానిని ఏడాది పాటు ఆపలేని, ఆపని రాజుకు ఆ ఒక్క ప్రసంగంతో బాధ్యత తీరిపోదు. అట్లాగని ఆ ముఠా చేసిన దాన్ని మొత్తం సముదాయం నెత్తిన వేయడానికీ ఆ ప్రసంగం ఒప్పుకోదు. ముఠా వేరు, ముస్లిం జనం వేరు అని రాజు నోటితోనే వచ్చింది కదా.

ఆ తేడాను ఊళ్లల్లో చాలామంది చూడలేదు. సైన్యం వచ్చాక జరిగిన హింసను తెలుసుకోవడానికి ప్రధాని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపారు. వాళ్లు 1948 నవంబరు చివరి నుంచి డిసెంబరు మూడో వారం దాకా తిరిగి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు పోయాయని అంచనా వేశారు. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగిందని రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం ప్రకటించలేదు. దశాబ్దాల తర్వాత గానీ అది మామూలు జనం చదవడానికి దొరకలేదు. ఖాజీ అబ్దుల్ గఫార్ మనకు కొత్త మనిషి కాదు, ‘పయామ్’ ఉర్దూ పత్రిక నడిపినవారు.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1948 అక్టోబరు 12న ఇంగ్లాండ్‌లో బీబీసీ ‘ఎనీ క్వశ్చన్స్?’ అనే రేడియో ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. వారానికో ఊరు తిరిగి, ఆ ఊరి జనం అడిగే ప్రశ్నలకు నాయకులు అక్కడికక్కడే జవాబు చెప్పాలి. 75 ఏళ్లు దాటినా అది నడుస్తూనే ఉంది. ప్రపంచంలో పాత రాజకీయ చర్చా కార్యక్రమాల్లో అదొకటి. మనకు అలాంటిది ఎందుకు రాలేదన్నది మిగతా కథ.

ఆకాశవాణి కాలం

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియో హైదరాబాద్ అయింది. అప్పటికి నిజాం హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. ‘ఆకాశవాణి’ అనే పేరు మైసూరు సంస్థానం రేడియో నుంచి వచ్చింది. దాన్ని 1950ల్లో దేశం మొత్తానికి పెట్టారు. అంతకుముందే 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. కోదాడ వైపు సెట్లకు హైదరాబాద్ కన్నా విజయవాడే దగ్గర.

తెలుగు వాటా పెరిగింది. దాశరథి కృష్ణమాచార్య, దేవులపల్లి కృష్ణశాస్త్రి, రావూరి భరద్వాజ లాంటివాళ్లు హైదరాబాద్ కేంద్రంలో పనిచేశారు. దాశరథి నిజాం మీద రాసినందుకు నిజామాబాద్ జైల్లో ఉన్న మనిషి. అదే పాత నిజాం రేడియోలో ఉద్యోగం చేయడం కాలం తెచ్చిన మార్పు. ఆయనకు ఉర్దూ మీద ఎంత పట్టో గాలిబ్ తెలుగు అనువాదాలే చెబుతాయి. ఉర్దూ కూడా పూర్తిగా పోలేదు. ‘నైరంగ్’ పేరుతో ఉర్దూ కార్యక్రమం హైదరాబాద్ కేంద్రం నుంచి వచ్చేది. కానీ ఇంటి పెద్ద భాషగా ఉన్న ఉర్దూ ఇప్పుడు కొంతసేపు వచ్చిపోయే చుట్టం అయింది. 1935లో తెలుగుకు జరిగింది తిరగబడి ఉర్దూకు జరిగిందన్నమాట.

వార్తల గొంతులు జనానికి చుట్టాలైపోయాయి. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన పన్యాల రంగనాథరావు, సినిమాల్లోకి వెళ్లకముందు వార్తలు చదివిన కొంగర జగ్గయ్య, హైదరాబాద్ నుంచి డి. వెంకట్రామయ్య. ట్రాన్సిస్టర్లు వచ్చాక పొలం గట్టు మీద, సైకిల్ హ్యాండిల్‌కు, హోటల్ బల్ల మీద రేడియో కనపడింది. కానీ రాజకీయ చర్చ? ఆకాశవాణికి ఒక కోడ్ ఉంది. మతాల మీద, సముదాయాల మీద దాడి కుదరదు. హింసకు రెచ్చగొట్టే మాట కుదరదు. ఇంతవరకు ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. 1948 చూసినవాళ్లు మరీ మెచ్చుకుంటారు. దాంతోపాటే, పార్టీని పేరు పెట్టి విమర్శించకూడదు, రాష్ట్ర ప్రభుత్వాన్నీ కేంద్రాన్నీ ద్వేషంగా విమర్శించకూడదు అని కూడా రాసుకున్నారు. అందువల్ల మైకు ముందుకొచ్చే ప్రసంగం వ్యవసాయం, పంచవర్ష ప్రణాళిక, కుటుంబ నియంత్రణ. వాటి మేలు వాటికి ఉంది. కానీ ప్రశ్న అడిగేవాడికి మైకు లేదు.

పార్టీలకు 1952 ఎన్నికల్లో రేడియోలో సమయమే దొరకలేదు. ఆ ఎన్నికల్లోనే నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉంది కాబట్టి పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. రేడియో లేదు, మైకు సెట్లు అంతంత మాత్రం. ఊరూరా పాట, కాలినడక. పార్టీలకు ఆకాశవాణిలో ఎన్నికల ప్రసంగాలు దొరికింది 1977లో, అంటే ఇంకో పాతికేళ్లకు. గుర్తింపు ఉన్న పార్టీలకు కొన్ని నిమిషాలు, ముందుగా రాసిచ్చిన ప్రసంగం, దాని మీద కోడ్ ప్రకారం పరిశీలన. ఇప్పటికీ పద్ధతి అదే.

1975 జూన్ 26 పొద్దున ఇందిరాగాంధీ ఎమర్జెన్సీ సంగతి చెప్పింది ఆకాశవాణిలోనే. ఆ 21 నెలలు రేడియో ఒక్క గొంతే పలికింది. జనం ఏం చేశారంటే ముల్లును తిప్పారు.

రాత్రి పూట బీబీసీ

షార్ట్‌వేవ్ మీద లండన్ నుంచి బీబీసీ ప్రసారాలు 1940లో ‘హిందుస్తానీ’ పేరుతో మొదలయ్యాయి. దేశ విభజన తర్వాత హిందీ, ఉర్దూ వేరయ్యాయి. ఉర్దూ సర్వీసులో రాత్రి వచ్చే ‘సైర్‌బీన్’ అనే రాజకీయ వార్తా చర్చా కార్యక్రమం దశాబ్దాల పాటు నడిచింది. ఉర్దూ తెలిసిన ఇళ్లల్లో ఇషా నమాజ్ వేళకు కాస్త అటూఇటూగా రేడియో చుట్టూ మగవాళ్లు చేరడం, లోపల్నుంచి ఆడవాళ్లు ‘ఏమంటున్నాడు’ అని అడగడం చాలా కుటుంబాల్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రజా అలీ ఆబిదీ గొంతును ఇప్పటికీ గుర్తుపట్టేవాళ్లున్నారు. విషయం చెప్పి, ఇటువైపు మనిషిని, అటువైపు మనిషిని పిలిచి అడగడం దాని పద్ధతి. ఆకాశవాణిలో దొరకనిది అదే.

1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ మీద కాల్పులు పొద్దున 9 దాటాక జరిగాయి. ఆకాశవాణి ఆమె మరణాన్ని సాయంత్రం 6 దాకా చెప్పలేదు. ఈలోగా బీబీసీ చెప్పేసింది. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్‌గాంధీ కూడా బీబీసీ పెట్టుకునే విన్నారు. దేశానికి ప్రధాని కాబోతున్న మనిషే సొంత సర్కారు రేడియోను కాదని లండన్ రేడియో వినాల్సి వస్తే మామూలు మనిషి సంగతి చెప్పేదేముంది. 1992 డిసెంబరు 6 తర్వాత మన ఇళ్లల్లో జరిగిందీ ఇదే. అయితే దీనికి ఇంకో పక్క కూడా ఉంది. విదేశీ రేడియో వింటున్నారన్న మాటే కొన్నిచోట్ల అనుమానానికి కారణమైంది. లండన్ బీబీసీని, పాకిస్తాన్ రేడియోను ఒకే గాట కట్టి మాట్లాడేవాళ్లు అప్పుడూ ఉన్నారు.

షార్ట్‌వేవ్ మెల్లగా మూగబోయింది. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి చివర్లో ఆగింది. 2022లో బీబీసీ ప్రకటించిన కోతల్లో హిందీ, ఉర్దూ రేడియో ప్రసారాలు రెండూ ఉన్నాయి.

‘మన్ కీ బాత్’, ఎఫ్ఎం

2014 అక్టోబరు 3న, విజయదశమి రోజు, ప్రధాని నరేంద్ర మోదీ ఆకాశవాణిలో ‘మన్ కీ బాత్’ మొదలుపెట్టారు. ఇప్పుడు నెలలో ఆఖరి ఆదివారం పొద్దున 11 గంటలకు వస్తుంది. మొదట హిందీలో, తర్వాత తెలుగు, ఉర్దూ సహా 22 భాషల్లో. 2019లోనూ, 2024లోనూ లోక్‌సభ ఎన్నికల వేళ ఆపి జూన్ 30న మళ్లీ మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్ 30న 100వది వచ్చింది. మన దేశంలో ఒక నాయకుడు ఇంత క్రమం తప్పకుండా రేడియోలో మాట్లాడటం ఇంతకుముందు లేదు. దీనికి పాత పోలిక అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933 మార్చిలో మొదలుపెట్టిన రేడియో ముచ్చట్లు.

పార్టీ రాజకీయాన్ని పేరు పెట్టి మాట్లాడకపోవడం, మామూలు మనుషుల పనులను పేర్లతో సహా చెప్పడం దీని బలం. జనం ఉత్తరాలు, ఫోన్ సందేశాలు తీసుకుంటారు కూడా. కానీ ఏ ఉత్తరం చదవాలో ఎంచుకునేది మాట్లాడేవారే. ఎదురు ప్రశ్న ఉండదు. కాబట్టి దీన్ని చర్చా కార్యక్రమం అనలేం. ప్రసంగం అనాలి. అమెరికాలో దీనికి పూర్తిగా వేరే చిత్రం. రెండు పక్షాలకూ చోటివ్వాలనే నియమాన్ని 1987లో ఎత్తేశాక, 1988 నుంచి రష్ లింబా లాంటివాళ్లు రోజుకు గంటల కొద్దీ ఒకే పక్షం మాట్లాడి కోట్లమందిని పట్టుకున్నారు. జనం ఫోన్ చేయవచ్చు, నిజమే. కానీ కోపమే సరుకైన వ్యాపారం అది. మనకు ఆ జబ్బు రేడియోలో రాలేదు. టీవీలో వచ్చింది.

ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు సొంత వార్తలు చదివే హక్కు లేదు. 2019 జనవరి నుంచి ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా వినిపించుకోవచ్చన్నారు, అంతే. ఎవరు పడితే వాళ్లు టీవీ చానల్ పెట్టి పొద్దంతా అరవచ్చు గానీ ఎఫ్ఎంలో ‘ఈ రోజు కలెక్టరేట్ దగ్గర ధర్నా జరిగింది’ అని చెప్పకూడదు. ఈ తేడాకు అర్థం లేదని కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వం భద్రత కారణాలు చెప్పింది.

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం గురించి వచ్చిన కేసు అది. తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే ‘సంఘం రేడియో’ మొదలైనప్పుడు దాన్ని ప్రారంభించిందీ ఆయనే. విత్తనాల గురించి, పండగల గురించి, తమ ఊరి మాటలో ఆ మహిళలు మాట్లాడతారు. కమ్యూనిటీ రేడియో లైసెన్సు షరతుల ప్రకారం వాళ్లు కూడా సొంత వార్తలు, రాజకీయం మాట్లాడకూడదు.